మూడో చరణం

మా ఊళ్ళో ఆడపిల్లకు కోపం వస్తే జనం నవ్వేవారు. ఎందుకు నవ్వేవారో నాకు పదేళ్ళకే తెలుసు. నేనూ నవ్వేదాన్ని కాబట్టి తెలుసు.

మా ఇల్లు హఫీజ్‌పేట్ స్టేషనుకు కాస్త ఇవతల. ఇప్పుడు అద్దాల మేడలు లేచిన చోట అప్పట్లో జొన్నచేలు, రాళ్ళగుట్టలు, మధ్యలో ఒక మట్టిబాట. ఆ బాట పట్టి వెళితే కార్ఖానాల బాలానగర్ వచ్చేది. కార్ఖానాలతో పాటు కూలిజనం, వాళ్ళ కోసం ఒక డేరా సినిమా వచ్చాయి. డేరాలో మగవాళ్ళు ఒక దిక్కు, ఆడవాళ్ళు ఒక దిక్కు. మధ్యలో గోనెసంచులు కుట్టిన తెర. ఆ గోనెతెర మీద ఊరి పెద్దలకు ఎంత పట్టింపో చెప్పలేను. అసలు తెర మీద ఏం జరిగినా వాళ్ళకు పట్టింపు లేదు.

అసలు తెర మీద ఎప్పుడూ జరిగేది ఒకటే. చదువుకున్న అమ్మాయి ఒకతి పుస్తకాలు గుండెకు హత్తుకుని పోతూ ఉంటుంది. లేకపోతే సైకిలు తొక్కుతూ పోతూ ఉంటుంది. హీరో అడ్డం వస్తాడు. పాట మొదలవుతుంది. మొదటి చరణంలో ఆమె తిడుతుంది, చెయ్యెత్తుతుంది. అతను చెంప చూపించి, కోపంలో నువ్వింకా బాగున్నావు అని పాడతాడు. రెండో చరణంలో మూతి విరిచి పక్కకు తిరుగుతుంది, కానీ ఓరకంట చూస్తుంది. మూడో చరణానికి ఆమె తల అతని భుజం మీద ఉంటుంది. రెండో చరణానికీ మూడో చరణానికీ మధ్య ఆమెకు ఏమైందో ఒక్క సినిమా కూడా చెప్పలేదు. వాద్యాలు మోగేవి, పూలు ఊగేవి, అంతే.

గోనెతెరకు ఇవతల మా అమ్మలాంటి ఆడవాళ్ళు పడీ పడీ నవ్వేవారు. పొద్దంతా వంగి నాట్లు వేసి నడుము పడిపోయిన మనుషులు. పొలంలో ఎవడైనా మేస్త్రీ కొంగు పట్టుకుంటే కొడవలి చూపించే మనుషులు. వాళ్ళే డేరాలో కూర్చుని, "పొగరు దిగింది బిడ్డకు" అని చప్పట్లు కొట్టేవారు. ఆ చప్పట్లు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అందులో నా చప్పట్లు కూడా ఉన్నాయని ఇంకొంచెం ఎక్కువ మండుతుంది.

పంచాయతీ ఆఫీసులో ఒక రేడియో ఉండేది. అదీ తక్కువ తినలేదు. పంటల కార్యక్రమం వస్తే "రైతు సోదరులారా" అని పిలిచేది. మా అమ్మ బురదలో ఉన్నంతసేపు సోదరులు ఆఫీసు అరుగు మీద కూర్చుని వినేవారు. ఆడవాళ్ళ కార్యక్రమంలో మాత్రం ఎవరో తీయని గొంతుతో, పనుల నుంచి అలసి వచ్చిన భర్తను చిరునవ్వుతో ఎలా పలకరించాలో చెప్పేది. ఆ కార్యక్రమం వచ్చే వేళకు మా ఊరి ఆడది ఒక్కతి కూడా ఇంట్లో ఉండేది కాదు. ఎవరి కోసం చెప్పేదో మరి.

అక్క నా కంటే ఎనిమిదేళ్ళు పెద్ద. ఏడో తరగతి దాకా చదివింది. నాయిన కంకర మిల్లులో రాళ్ళు కొట్టీ కొట్టీ, దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోయి, మంచం మీద కూర్చుని దగ్గే స్థితికి వచ్చాడు. అప్పుడు బాలానగర్‌లో రేడియో సామాన్లు చేసే ఒక కార్ఖానాలో ఆడపిల్లలను తీసుకుంటున్నారని తెలిసి, అక్క ఎవరినీ అడగకుండా వెళ్ళి పని సంపాదించుకుని వచ్చింది. నాయిన సైకిలు తుడిచి, గొలుసుకు నూనె పోసి, లంగా పైకి దోపి, మగవాళ్ళ సైకిలు మీద అడ్డబద్ద మీదుగా కాలు వేసి ఎక్కింది. మొదటి రోజు వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది.

అక్క పని తీగ చుట్టడం. వెంట్రుక కంటే సన్నటి రాగితీగను బొంగరం అంత బొడిపె మీద చుట్టాలి. ఇన్ని చుట్లు అని లెక్క ఉంటుంది. ఒకటి ఎక్కువైనా తక్కువైనా రేడియో పలకదు, గురగురలాడుతుంది. అంత సన్నటి తీగను చూస్తూ చుడితే కళ్ళు మోసం చేస్తాయట, వేళ్ళకే తెలుస్తుందట. నోటితో అంకెలు లెక్కపెడితే మధ్యలో ఎవరైనా పలకరించగానే తప్పిపోతుంది. అందుకని అక్క ఒక ఉపాయం కనిపెట్టింది. కార్ఖానాలో రేడియోలు పరీక్ష చేసే చోట పొద్దస్తమానం పాటలు మోగుతూ ఉండేవి. అందులో ఒక పాట నడక ఆమె చేతికి సరిగ్గా కుదిరింది. పల్లవి, మూడు చరణాలు, మళ్ళీ పల్లవి. అంతా అయ్యేసరికి ఒక చుట్ట పూర్తి. పాట తప్పకపోతే చుట్టు తప్పదు. ఇంట్లో కూడా దారపు రీలు పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఆ పాట సన్నగా పాడుకుంటూ వేళ్ళు ఆడించేది. నేను పక్కన కూర్చుని దారం అందించేదాన్ని. ఇదంతా నాకు తెలుసు. ఈ మాట గుర్తుంచుకోండి.

ఆ పాట ఏమిటంటే, ఇందాక చెప్పానే, ఆ రకం పాటే. సైకిలు మీద పోయే అమ్మాయిని ఆపి ఏడిపించే పాట.

ఊరి మొదట్లో చాయ్ హోటలు, దాని పక్కన మైకు సెట్టు కొట్టు. కొట్టు నడిపేవాడు మా కులపువాడే, మాకు వరసకు బావ. పెళ్ళిళ్ళకు, బోనాలకు మైకు కిరాయికి ఇచ్చేవాడు. కిరాయి లేని రోజు హోటలు గిరాకీ కోసమని పొద్దున్నే రికార్డులు వేసేవాడు. తల నడిమికి పాపిడి తీసి, ఆ నెల వచ్చిన సినిమాలో హీరో ఎట్లా ఉంటే అట్లా ఉండాలని చూసేవాడు. చెడ్డవాడు అని అప్పుడు ఎవరూ అనలేదు. ఇప్పుడు కూడా ఊళ్ళో ఎవరూ అనరు.

అక్క సైకిలు మలుపు తిరగగానే అతను మోగుతున్న రికార్డు తీసేసి ఆ పాట పెట్టేవాడు. గుంజకు కట్టిన మైకు గొట్టంలోంచి ఊరంతా వినిపించేది. హోటల్లో గ్లాసులు కింద పెట్టి అందరూ అక్క వంక చూసేవారు. వెళ్ళేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. మూడు నాలుగు నెలలు ఇదే తంతు. అమ్మతో చెప్తే అమ్మ, "బావ గాదే, జర సరసమాడితే ఏమైతది, నువ్వు సూడకుంట పో" అంది. నాయిన దగ్గుతూ అటు తిరిగి పడుకున్నాడు.

ఒకరోజు సాయంత్రం పాట మొదలవగానే అక్క సైకిలు దిగింది. స్టాండు వేసి, తిన్నగా కొట్టులోకి వెళ్ళి, సూది ఎత్తి, రికార్డు తీసి, మోకాలికేసి కొట్టి విరిచేసింది. లక్క రికార్డు, పెంకులాగా రెండు ముక్కలైంది. ఆ ముక్కలు అతని ముందు పడేసి, "ఇంకొక్కసారి నా ఎంట పాట పెట్టినవంటే నీ మైకు డబ్బా గూడ పలగ్గొడత" అంది. నేను హోటలు ముందర నిలబడి చూస్తున్నాను.

హోటలు మొత్తం ఒక్కసారిగా నవ్వింది.

ఎవరికీ కోపం రాలేదు. కోపం వచ్చినా బాగుండేది. ఎవరైనా ఆమెను తిట్టినా, నాయిన మీదికి కొట్లాటకు వచ్చినా, ఆమె చేసిన పనికి ఒక విలువ ఉండేది. వాళ్ళు ఈలలు వేశారు. ఒక ముసలాయన, "సిన్మాల గూడ మొదలు గిట్లనే జేస్తది" అన్నాడు. మైకు బావ విరిగిన ముక్కలు ఏరుకుని, ఒక ముక్కను గుండెకు ఆనించుకుని అందరికీ చూపించాడు. ఇంకా గట్టిగా నవ్వారు. అక్క సైకిలు ఎక్కి వెళ్ళిపోయింది. నేను వాళ్ళతో పాటు నవ్వాను. నాకేమో అచ్చం సినిమా చూస్తున్నట్టే ఉంది, పైగా అందులో ఉన్నది మా అక్క.

వారం తిరగకుండా మైకు బావ వాళ్ళ నాయిన కులపెద్దలను చావడి దగ్గర కూర్చోబెట్టాడు. రికార్డు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తింది పెళ్ళి సంగతి. పిల్ల మగాడి కొట్టులోకి పోయింది, పదిమందిలో మాట్లాడింది, ఊరంతా జంట కట్టి చెప్పుకుంటోంది, ఇగ లగ్గం చేస్తే అందరికీ మర్యాద అన్నారు. నాయిన మంచం పట్టిన మనిషి, మెల్లగా, "పిల్లకు ఇష్టం లేదంటున్నది" అన్నాడు. అక్క చావడి గుంజ పక్కన నిలబడి ఉంది, చేతులు కట్టుకుని, నేల చూస్తూ.

పెద్దమనిషి మీసం దువ్వుకుని నవ్వాడు. "ఇష్టం లేకుంటే గంత కోపమెందుకొస్తదయా? ఇష్టం లేని పిల్ల తలకాయ దించుకొని పోతది." అని చుట్టూ చూసి, నన్ను చేత్తో పిలిచాడు. "నువ్వు దా బిడ్డ. చిన్నపిల్లలు అబద్దం చెప్పరు. మీ అక్క గా పాట ఇంట్ల పాడుతదా?"

అందరూ నా వైపు తిరిగారు. నా జన్మలో అంతమంది పెద్దవాళ్ళు నా మాట కోసం ఎదురుచూడటం అదే మొదటిసారి.

"పాడుతది" అన్నాను.

చావడి గొల్లుమంది. ఎవరో నా వీపు తట్టారు. పెద్దమనిషి, "ఎట్ల పాడుతది?" అని అడిగాడు.

తీగ చుట్టేందుకు పాడుతుంది అని నేను చెప్పాలి. చుట్ల లెక్క కోసం అని చెప్పాలి. నాకు తెలుసు, నాలుక మీదే ఉంది. కానీ వాళ్ళ నవ్వు నాకు బాగుంది. సినిమాల్లో హీరోయిన్ చెల్లెలు చేసేది కూడా ఇదేగా, అక్క దాచుకున్న గుట్టు బావకు విప్పడం, అందరినీ నవ్వించడం. ఆ వేషం నాకు బాగా తెలుసు, ఎన్నిసార్లు చూశానో.

"కండ్లు మూసుకొని పాడుతది" అన్నాను.

ఇక చెప్పేదేముంది. అక్క తల ఎత్తి నా వంక ఒక్కసారి చూసింది. నోరు తెరవబోయింది. అమ్మ చేయి పట్టి వెనక్కి లాగింది. ఆ నవ్వుల్లో లగ్గం ఖాయమైంది.

పెళ్ళి పందిట్లో కొత్త రికార్డు తెచ్చి అదే పాట వేశారు. మూడో చరణం వచ్చేసరికి మాటలు ఆపి, అందరూ పెళ్ళికూతురి ముఖం చూశారు. అక్క తల దించుకుంది. "చూసిన్రా, సిగ్గుపడ్డది" అన్నారు. కోపం వస్తే ప్రేమ, తల దించుకుంటే సిగ్గు, ఏడిస్తే పుట్టింటి మీద బెంగ. ఆడదాని ముఖం మీద ఏది కనపడినా దానికో పేరు వాళ్ళ దగ్గర ముందే తయారుగా ఉండేది. 'వద్దు' అనే పేరు ఒక్కటి లేదు.

నెలరోజుల తర్వాత కార్ఖానా సూపర్‌వైజరు వెతుక్కుంటూ వచ్చాడు. కోస్తా నుంచి వచ్చిన నడివయసు మనిషి, తెల్ల చొక్కా, చేతిలో గొడుగు. మైకు కొట్టు ముందు నిలబడి బావతో చాలా మర్యాదగా మాట్లాడాడు. "అమ్మాయిని పనికి పంపించండి బాబూ. మా దగ్గర నలభై మంది పిల్లలున్నారు గానీ ఇలాంటి చెయ్యి ఇంకోటి లేదండి. ఆవిడ చుట్టిన చుట్ట ఒక్కటి కూడా వెనక్కి రాలేదు."

బావ నవ్వాడు. "మా ఇంటి ఆడది కొలువుకు పోదు సార్. ఇగ ఆమెకేం ఫికర్, నేనున్న గద" అన్నాడు. సినిమా ఆఖర్లో, పొగరు దిగి, చీర కట్టి, వాలుజడ వేసుకుని కాళ్ళకు దండం పెట్టిన భార్యను లేవనెత్తుతూ హీరో అనే మాట అది. హోటల్లో కూర్చున్నవాళ్ళు మెచ్చుకోలుగా తలలు ఊపారు. సూపర్‌వైజరు గొడుగు విప్పుకుని వెళ్ళిపోయాడు. నాయిన మందులకు ఆ తర్వాత అమ్మ ఇంకో పొలం పని చూసుకుంది. సైకిలు బావ తీసుకున్నాడు, మైకు గొట్టాలు మోయడానికి పనికొస్తుందని.

తర్వాతి ఏడు ఒక పెళ్ళిలో అతని మైకు డబ్బా మాడిపోయింది. లోపల తీగచుట్ట కాలింది. సికింద్రాబాదు తీసుకెళితే వారం పడుతుందన్నారు. అక్క దాన్ని విప్పి, కాలిన తీగ ఊడదీసి, పొయ్యి పక్కన కూర్చుని ఒక మధ్యాహ్నంలో కొత్త తీగ చుట్టింది. డబ్బా పలికింది. అప్పటి నుంచి చుట్టుపక్కల, పుప్పాలగూడ దాకా, మాడిపోయిన డబ్బాలన్నీ ఆ కొట్టుకే వచ్చేవి. కొట్టు మీది పలకలో అతని పేరు పక్కన 'మెకానిక్' అని కొత్తగా రాయించాడు. అక్క కొట్టు వెనక గదిలో, బిడ్డను ఒళ్ళో వేసుకుని తీగ చుట్టేది. పాట లేకుండా, అంకెలు లెక్కపెట్టి చుట్టేది. తప్పితే విప్పి మళ్ళీ చుట్టేది.

నాకు పద్నాలుగేళ్ళు వచ్చాయి. హైస్కూలుకు ఆ దారినే నడవాలి. ఊళ్ళో కొత్తగా మీసాలు వచ్చిన మగపిల్లలు అప్పటికి హోటల్లో కూర్చుని, ఏ పిల్ల వస్తే ఏ పాట పెట్టాలో బావకు చెప్పేవారు. బావకు అది సరదా, గిరాకీ కూడా. మలుపుకు ముందే ఆగిపోయేదాన్ని. ఏం చేయాలి? కోపపడితే మొదటి చరణం. మూతి ముడిస్తే రెండోది. తల దించుకుంటే సిగ్గు. నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

మొదటి రోజు సూది రికార్డు మీద పడ్డ గరగర వినిపించింది. తర్వాత ఏమీ లేదు. మైకు మూగబోయింది. నేను కొట్టు దాటి, గుట్ట మలుపు తిరిగాక వెనక మళ్ళీ మోగడం మొదలైంది. రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే. బీడీల కార్ఖానాకు పోయే ఆడపిల్లలు వచ్చినా అంతే. "గీ డబ్బకు ఆడిపిల్లలంటే సిగ్గురా" అని హోటల్లో నవ్వుకునేవారు. బావ పరేషాన్ అయ్యి డబ్బాను చరిచేవాడు, తిట్టేవాడు. ఆ విసుగు సగం డబ్బా మీద, సగం వెనక గదిలో అక్క మీద తీర్చుకునేవాడు. నాలుగు రోజులకోసారి అక్క చెంప వాచి ఉండటం అందరూ చూశారు. చెంపకూ డబ్బాకూ ఉన్న సంబంధం ఎవరూ చూడలేదు.

నేను చూశాను. ఒక ఆదివారం పగలు బావ కిరాయికి వెళ్ళినప్పుడు వెనక గదిలోకి పోయాను. డబ్బాకు వెళ్ళే తీగ గోడ రంధ్రంలోంచి ఈ గదిలో నుంచే పోతోంది. అక్క కూర్చునే చోటుకు చేతికందే దూరంలో, ఒక అతుకు దగ్గర, రాగి తళతళ మెరుస్తోంది. ఎన్నోసార్లు విప్పి, మళ్ళీ మెలిపెట్టిన మెరుపు అది. ఎదురుగా చిన్న కిటికీ. కిటికీలోంచి మలుపు కనిపిస్తోంది.

నాలుగేళ్ళుగా దాచుకున్న మాట అప్పుడు బయటికి వచ్చింది.

"అక్కా, ఆనాడు చావడి కాడ నేను గట్ల చెప్పకపోతే..."

అక్క చేతిలో తీగ ఆపలేదు. చుట్టు పూర్తి చేసి, కొస ముడివేసి, అప్పుడు మాట్లాడింది.

"నువ్వేం అబద్దం చెప్పినవ్ చెల్లె? పాడేదాన్ని. మంచిగుంటుండె గా పాట. చెయ్యి తప్పకపోతుండె."

"మరి నా మీద కోపం లేదా?"

"పదేండ్ల పోరివి. నీ మీదేం కోపం." ఆమె బొడిపెను పక్కన పెట్టి, వేళ్ళ మీది తీగ కోతలను కొంగుతో తుడుచుకుంది. "ఊరంత కూసున్నది. నేను ఆడనే గుంజ కాడ నిలవడ్డ, నీకు రెండడుగుల అవుతల. నాకెందుకు కోపమొచ్చిందో నిన్ను అడిగిన్రు. నేనెట్ల పాడుతనో నిన్ను అడిగిన్రు. నన్ను ఒక్కడు గూడ అడగలే."